ఈగిల్ కథ: బొమ్మ గీసినవాడికి మిగిలిందేంటి?

ఆదివారం పూట బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపుల చుట్టూ తిరగడం నాకున్న కొద్దిపాటి మంచి అలవాట్లలో ఒకటి. మొన్నామధ్య అలాగే తిరుగుతుంటే ఓ కామిక్ దొరికింది. పేరు "డాన్ డేర్". 2007లో వర్జిన్ కామిక్స్ వాళ్ళు వేసింది. ఈ వర్జిన్ కామిక్స్‌కి ఒకప్పుడు ఇదే బెంగళూరులో స్టూడియో ఉండేది. మొదలెట్టిన రెండేళ్ళకే, 2008లో, దుకాణం సర్దేశారు.

లైసెన్స్ ఫైల్ చదవకుండా ఎవరి కోడూ ముట్టుకోవద్దని ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీమ్ లీడ్ నేర్పిన పాఠం. ఆ జబ్బు పుస్తకాల విషయంలో కూడా అంటుకుంది నాకు. కథ కంటే ముందు కాపీరైట్ లైను చదివా. హక్కులు "డాన్ డేర్ కార్పొరేషన్" వాళ్ళవట. హీరో పేరు మీద కార్పొరేషన్ ఏంటి? ఆ హీరోని పుట్టించిన మనిషి పేరు మీద కదా ఉండాలి? ఈ చిన్న అనుమానం పట్టుకుని పోతే "ఈగిల్" అనే బ్రిటిష్ పిల్లల వారపత్రిక దగ్గర తేలాను. ఆ కథంతా తెలిశాక ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. అందుకే ఈ టపా. కొంచెం పొడుగు, టీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు కాస్త నేపథ్యం. 1949లో ఇంగ్లండ్ ఎలా ఉందో ఊహించుకోండి. యుద్ధం గెలిచారన్న మాటే గానీ మాంసం నుంచి మిఠాయిల దాకా అన్నీ రేషనే. పత్రికలు వేసే కాగితానికి కూడా కరువే. పిల్లలకి బొమ్మల పత్రికలు లేవా అంటే ఉన్నాయి. స్కాట్లండ్‌లో డండీ అనే ఊరి నుంచి డి.సి. థామ్సన్ కంపెనీ వేసే డాండీ (1937లో మొదలైంది), బీనో (1938) అప్పటికే ప్రతి పిల్లాడికీ తెలుసు. 1950 ఏప్రిల్‌లో బీనో సంచిక ఒకటి దాదాపు 20 లక్షల కాపీలు అమ్ముడుపోయింది. మనకి చందమామ ఎంత పరిచయమో వాళ్ళకి బీనో అంత. కాకపోతే నీతి తక్కువ, అల్లరి ఎక్కువ.

ఇవి కాక ఇంకో రకం ఉండేవి. యుద్ధం టైములో అమెరికన్ సైనికుల సంచుల్లోనూ, ఓడల్లోనూ వచ్చిన అమెరికన్ కామిక్స్. వాటిలో హత్యలు, దోపిడీలు, దయ్యాలు ఎక్కువ. పెద్దవాళ్ళకి వాటిని చూస్తే ఒళ్ళు మంట.

అలా మండినవాళ్ళలో ఒకరు రెవరెండ్ మార్కస్ మారిస్. లాంకషైర్‌లో సౌత్‌పోర్ట్ పక్కనే ఉన్న బర్క్‌డేల్‌లో సెయింట్ జేమ్స్ చర్చికి పాస్టరు గారు. ఈయనకి అచ్చు పిచ్చి. చర్చి వాళ్ళు పంచుకునే నాలుగు కాగితాల పత్రికని "ది ఆన్విల్" అని పేరు మార్చి, దేశమంతా చదివే పత్రికగా చేద్దామని దిగాడు. పత్రిక బాగుంది, అప్పులు ఇంకా బాగా పెరిగాయి.

1949 ఫిబ్రవరిలో ఈ మారిస్ గారి వ్యాసం ఒకటి సండే డిస్పాచ్ అనే పేపర్లో వచ్చింది. అమెరికన్ కామిక్స్ పసిపిల్లల గదుల్లోకి భయాన్ని మోసుకొస్తున్నాయని దాని సారాంశం. ఇంతవరకూ ప్రతి పెద్దమనిషీ చెప్పే మాటే. ఆయన ప్రత్యేకత ఏంటంటే, ఆ బొమ్మలు అద్భుతంగా గీశారని ఒప్పుకున్నాడు. బొమ్మల కథ అనేది చాలా గొప్ప పనిముట్టు, దాన్ని వాడుతున్న తీరే తప్పు అన్నాడు. అంటే సమస్య ఫార్మాట్‌ది కాదు, డేటాది అన్నమాట. నచ్చకపోతే గోల చేయకు, ప్యాచ్ పంపించు అంటుంటారు కదా ఓపెన్ సోర్స్ జనం. మారిస్ గారు సరిగ్గా అదే చేశాడు.

ప్యాచ్ రాయడానికి ఆయనకి దొరికిన మనిషి పేరు ఫ్రాంక్ హాంప్సన్. 1918లో పుట్టాడు. తండ్రి పోలీసు. చిన్న వయసులోనే చదువు మానేసి పోస్టాఫీసులో టెలిగ్రాములు పంచే కుర్రాడిగా చేరాడు. యుద్ధంలో సైన్యంలో పనిచేశాడు. బెల్జియంలో ఆంట్‌వర్ప్ దగ్గర జర్మన్ల వి-2 రాకెట్లని కళ్ళారా చూశాడు. అందరికీ అవి చావు కబుర్లు. ఈయనకి మాత్రం వాటిలో ఆకాశంలోకి దారి కనబడింది. యుద్ధం అయ్యాక సౌత్‌పోర్ట్ ఆర్ట్ స్కూల్లో చేరి, పెళ్ళాం బిడ్డతో ఇల్లు గడవడానికి ది ఆన్విల్‌కి బొమ్మలు వేసేవాడు.

ఇద్దరూ కలిసి మొదట అనుకున్నది లండన్ మురికివాడల్లో రౌడీలని ఎదుర్కొనే ఓ పాస్టరు కథ. హీరో పేరు లెక్స్ క్రిస్టియన్. దాన్ని వేస్తానన్న పేపర్ ఎడిటరు గ్లైడర్ ప్రమాదంలో చనిపోయాడు. ఆ దారి మూసుకుపోయాక మారిస్ గారు, ఒక్క కథేంటి, పత్రికే పెట్టేద్దాం అన్నాడు. హాంప్సన్ కూర్చుని మొత్తం పత్రిక నమూనా గీశాడు. అందులో పాస్టరు కాస్తా అంతరిక్షంలోకి వెళ్ళి "చాప్లిన్ డాన్ డేర్" అయ్యాడు. ఆ తర్వాత మతగురువు వేషం తీసేసి పైలట్ యూనిఫారం తొడిగారు. అలా పుట్టాడు మన డాన్ డేర్.

పేరు వెనక కూడా కథ ఉంది. ఆంగ్లికన్ చర్చిల్లో బైబిల్ పెట్టే పీఠం రెక్కలు చాచిన గద్ద రూపంలో ఉంటుంది. అది చూసి "ఈగిల్" అని పెట్టమన్నది హాంప్సన్ భార్య డొరోతీ అట. మొదటి పేజీ మీద గద్ద బొమ్మకేమో మారిస్ గారు కొనుక్కొచ్చిన ఒక ఇత్తడి సిరాబుడ్డి మూత ఆధారం.

నమూనా పట్టుకుని మారిస్ గారు లండన్‌లో పబ్లిషర్ల గుమ్మాలెక్కి దిగాడు. చాలామంది వద్దన్నారు. చివరికి హల్టన్ ప్రెస్ వాళ్ళ నుంచి టెలిగ్రాం వచ్చింది, మాకు ఆసక్తి ఉంది, ఇంకెవరి దగ్గరికీ వెళ్ళొద్దు అని. పిక్చర్ పోస్ట్ అనే ప్రఖ్యాత వారపత్రిక వాళ్ళదే. డబ్బుంది, రంగుల ప్రింటింగ్ చేయించగల సత్తా ఉంది. అప్పుల్లో ఉన్న పాస్టరు గారికి ఆ టెలిగ్రాం ఎలా అనిపించి ఉంటుందో చెప్పక్కర్లేదు.

1950 ఏప్రిల్ 14, శుక్రవారం. మొదటి సంచిక. 20 పేజీలు, వెల మూడు పెన్నీలు. అంతకుముందు నుంచే పెద్ద పెద్ద బంగారు రంగు గద్ద బొమ్మలు నెత్తిన పెట్టుకున్న కార్లు దేశమంతా తిరిగాయి. ఆ సంచిక దాదాపు 9 లక్షల కాపీలు అమ్ముడుపోయింది. రేషను కాగితం మీద నలుపు తెలుపు బొమ్మలకి అలవాటుపడ్డ పిల్లలకి, లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీలోని ఎరిక్ బెమ్‌రోజ్ ప్రెస్సులో గ్రావ్యూర్ పద్ధతిలో అచ్చైన రంగుల పేజీలు చేతిలో పడితే ఎలా ఉంటుంది? నా మటుకు నాకు మా ఇంటికి కలర్ టీవీ వచ్చిన రోజు గుర్తొచ్చింది.

ఇంతకీ లోపల ఏముంది? మొదటి రెండు పేజీలు డాన్ డేర్. తర్వాత పోలీసు కథ, కౌబాయ్ కథ, నవ్వించే కథలు, ఎడిటరు ఉత్తరం. చివరి పేజీలో రంగుల్లో సెయింట్ పాల్ జీవితం. పాస్టరు గారు మతాన్ని వెనక పేజీలో పెట్టాడు చూడండి, తెలివైనవాడు. ప్రతివారం మధ్య పేజీల్లో ఏదో ఒక యంత్రాన్ని నిలువునా కోసి లోపలి భాగాలకి నంబర్లు వేసి చూపించే పెద్ద బొమ్మ ఉండేది. మొదటి వారం ఒక గ్యాస్ టర్బైన్ రైలింజను. ఎల్. ఆష్‌వెల్ వుడ్ అనే ఆయన వేసేవాడు. ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ చిన్నప్పుడు ఈ బొమ్మలు చూస్తూ పెరిగానని చాలాసార్లు చెప్పుకున్నాడు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో ఏ డయాగ్రామూ నాకు అంత ముచ్చటగా కనబడలేదని సిగ్గుపడకుండా చెప్తున్నా.

ఇక డాన్ డేర్ మొదటి కథ. జరిగే కాలం 1996. భూమ్మీద తిండి చాలట్లేదు. శుక్రగ్రహం మీద పంటలు పండించొచ్చేమో చూసొద్దామని నౌకలు పంపిస్తుంటే, అవి అక్కడికి చేరేలోపే పేలిపోతున్నాయి. రేషను కార్డు పట్టుకుని లైన్లో నిలబడే అమ్మల పిల్లలు చదివిన కథ ఇది! హీరో కూడా తిండి కోసమే బయల్దేరాడు. ఆయన పక్కన లాంకషైర్‌లోని విగన్ నుంచి వచ్చిన బొద్దు సహాయకుడు డిగ్బీ. ఆ డిగ్బీ మేనత్త పేరే తర్వాత నౌకకి పెట్టారు, "అనస్తేషియా" అని. బృందంలో ఒక ఫ్రెంచి అతను, ఒక అమెరికన్, ప్రొఫెసర్ పీబాడీ అనే మహిళా శాస్త్రవేత్త. ఆడమనిషిని తీసుకెళ్ళడమేంటని పెద్దాఫీసరు సణుగుతాడు కూడా. శుక్రుడి మీద ఆకుపచ్చ రంగు ట్రీన్లు, వాళ్ళ నాయకుడు మెకాన్. గుమ్మడికాయంత తల, పుల్లల్లాంటి కాళ్ళు చేతులు, గాల్లో తేలే పళ్ళెం మీద కూర్చుని ఆజ్ఞలిస్తుంటాడు. తెలివి తప్ప ఇంకే భావమూ లేని జీవి. స్పుత్నిక్ ఎగరడానికి ఏడేళ్ళ ముందు, గగారిన్‌కి పదకొండేళ్ళ ముందు ఇదంతా.

ఇప్పుడు అసలు నన్ను కట్టిపడేసిన సంగతికి వస్తా. ఈ రెండు పేజీలు ఎలా తయారయ్యేవో వినండి.

మొదట హాంప్సన్ ప్రతి బొమ్మనీ రంగుల్లో చిత్తుప్రతి వేసేవాడు. ఆ చిత్తే చాలామంది ఫైనల్ కంటే బాగుండేది. తర్వాత స్టూడియోలో పనిచేసేవాళ్ళు కథలో మనుషుల్లా పోజులిచ్చేవారు. గొడుగు పట్టుకున్నట్టు, పడిపోతున్నట్టు, తుపాకీ ఎత్తినట్టు. వాటిని ఫోటోలు తీసేవారు. ఆ ఫోటోలు ముందు పెట్టుకుని మళ్ళీ గీసేవారు. స్టూడియోలో బొమ్మలేసే గ్రెటా టాంలిన్సన్ ప్రొఫెసర్ పీబాడీకి మోడల్. హాంప్సన్ నాన్నగారు, అంటే ఆ పోలీసాయన, అంతరిక్ష దళం అధిపతి సర్ హ్యూబర్ట్‌కి మోడల్. అంతటితో అవ్వలేదు. అంతరిక్ష నౌకలకి, భవనాలకి చిన్న చిన్న నమూనాలు చేయించి పెట్టుకున్నాడు, ఏ కోణంలోంచి చూసినా నీడ సరిగ్గా పడాలని. మొదట్లో సైన్సు సలహాదారు ఎవరో తెలుసా? ఆర్థర్ సి. క్లార్క్.

మొదటి స్టూడియో సౌత్‌పోర్ట్ దగ్గర చర్చ్‌టౌన్‌లో ఒక పాత బేకరీ. తర్వాత లండన్ దగ్గర ఎప్సమ్‌కి మారారు. రాత్రిళ్ళు కూర్చుని పనిచేసేవారు. వారానికి రెండు పేజీల కోసం ఒక టీమ్ మొత్తం! స్పెక్, ప్రోటోటైప్, రివ్యూ, మళ్ళీ రివ్యూ. మూడు పెన్నీల పత్రిక కోసం ఇంత అవసరమా అంటే, ఏ మేనేజరైనా అవసరం లేదనే అంటాడు. పిల్లలు కనిపెట్టలేరు కదా అంటాడు. కానీ పిల్లలు కనిపెట్టారు. డెబ్భై ఏళ్ళు దాటాక ఇవాళ ఆ పేజీలు చూస్తున్న నేనే కనిపెట్టగలుగుతున్నా. ఏ ఒక్క బోల్టూ వారం వారం చోటు మారదు.

పత్రిక పుంజుకుంది. ఆడపిల్లల కోసం "గర్ల్" (1951), పసివాళ్ళ కోసం "రాబిన్" (1953), మధ్య వయసు పిల్లలకి "స్విఫ్ట్" (1954) వచ్చాయి. రేడియో లక్సెంబర్గ్‌లో 1951 నుంచి డాన్ డేర్ నాటకం, వారానికి ఐదు రాత్రులు. స్పాన్సరు హార్లిక్స్. అవును, మన ధవళేశ్వరంలో ఫ్యాక్టరీ ఉన్న ఆ హార్లిక్సే :) డాన్ డేర్ తుపాకులు, జిగ్సా పజిళ్ళు, ఇంగర్సాల్ కంపెనీ జేబు గడియారం కూడా వచ్చాయి.

ఈగిల్ క్లబ్ అని ఒకటి పెట్టారు. అందులో "మగ్" అనే బ్యాడ్జి ఉండేది. ఇంగ్లీషులో మగ్ అంటే తేరగా దొరికే అమాయకుడు అని తిట్టు. ఇతరుల కోసం కష్టపడేవాణ్ణి చూసి జిత్తులమారులు వాడొట్టి మగ్ అని నవ్వుతారు, నిజానికి లోకం నడిచేది వాళ్ళ వల్లే అని మారిస్ గారి సిద్ధాంతం. అందుకని మంచిపని చేసిన పిల్లల్ని ఏరి ఆ బిరుదే ఇచ్చేవారు. ఈ మగ్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనుంది.

ఈలోగా అమెరికన్ కామిక్స్ గొడవ ముదిరింది. 1954 సెప్టెంబరులో గ్లాస్గో గోర్బల్స్ ప్రాంతంలో వందలమంది పిల్లలు కర్రలు, కత్తులు పట్టుకుని శ్మశానంలో చొరబడ్డారు. ఇనప పళ్ళ రక్తపిశాచి ఒకటి పిల్లల్ని తినేస్తోందట, దాన్ని పట్టుకోవడానికి. పోలీసులొచ్చి చెదరగొట్టాల్సి వచ్చింది. నెపం కామిక్స్ మీద పడింది. టీచర్ల సంఘం, చర్చి వాళ్ళు, చివరికి కమ్యూనిస్టులు కూడా ఒకే మాట మీదికి వచ్చారు. 1955లో పిల్లలకి హాని చేసే ప్రచురణల మీద చట్టం వచ్చింది. అంతా నిషేధం గురించి ఆలోచించకముందే, ఐదేళ్ళ క్రితమే, అప్పుల్లో మునిగిన ఒక పాస్టరు, ఆర్ట్ స్కూల్ కుర్రాడు కలిసి దానికి జవాబు తయారుచేసి షాపుల్లో పెట్టేశారు. నిషేధించిన వాటి పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు అనను గానీ, జవాబు మాత్రం బాగా గుర్తుంది జనానికి.

ఇక్కడితో ఆపేస్తే మంచి సినిమా. కానీ ఇంటర్వెల్ తర్వాత ఉంది.

1959లో హల్టన్ ప్రెస్‌ని ఓడమ్స్ అనే పెద్ద సంస్థ కొనేసింది. మారిస్ గారు ఆ ఏడాదే రాజీనామా చేసి వేరే పత్రికల కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆయనకేం, అక్కడ బాగానే ఎదిగాడు. 1972లో బ్రిటన్‌కి కాస్మోపాలిటన్ పత్రికని తెచ్చిన సంస్థకి పెద్ద ఆయనే. పాస్టరు గారు కాస్మోపాలిటన్ తేవడమేంటని నన్నడక్కండి, జీవితం అలాంటిది.

కొత్త యాజమాన్యం లెక్కలు తీసింది. రెండు పేజీలకి ఇంతమందా? స్టూడియో ఖర్చు కళ్ళలో పడింది. హాంప్సన్ డాన్ డేర్‌ని వదిలాడు. 1959 జులైలో కథ మధ్యలో ఫ్రాంక్ బెల్లామీ అనే ఇంకో చిత్రకారుడు వచ్చాడు. ఆయన తక్కువవాడు కాదు, అంతకుముందే ఈగిల్‌లో చర్చిల్ జీవితకథ అద్భుతంగా వేశాడు. కానీ యాజమాన్యం ఆయనతో నౌకలు, యూనిఫారాలు, అన్నీ మార్పించింది. కొత్త మేనేజరు రాగానే పనిచేస్తున్న సిస్టమ్‌ని తిరగరాయించడం 1959 నాటికే ఉందన్నమాట! ఏడాది తర్వాత బెల్లామీ కూడా వెళ్ళిపోయాడు.

హాంప్సన్ మాత్రం ఆఖరుగా ఒక పని చేశాడు. మారిస్ గారి కథనంతో క్రీస్తు జీవితం. పవిత్ర స్థలాలకి స్వయంగా వెళ్ళి చూసొచ్చి మరీ గీశాడు. 1960లో మొదలైన ఆ కథ 1961 ఈస్టరు నాటికి ముగిసింది. ఆ ఏడాదే ఈగిల్ నుంచి బయటికి వచ్చేశాడు.

చేతిలో ఏముంది? ఏమీ లేదు. డాన్ డేర్, డిగ్బీ, మెకాన్, అనస్తేషియా, అన్నీ పబ్లిషరువి. ఆయనకి జీతం వచ్చింది. పేజీ మీద సంతకం కూడా అచ్చైంది, అది గొప్పే, ఎందుకంటే బీనోలో చాలామంది ఆర్టిస్టులకి ఆ భాగ్యం కూడా లేదు. కానీ సంతకం వేరు, హక్కు వేరు. తను పుట్టించిన మనిషిని తను మళ్ళీ గీసి అమ్ముకోలేడు. లేడీబర్డ్ పుస్తకాలకి బొమ్మలు వేశాడు, ప్రకటనలకి వేశాడు. తర్వాత ఎప్సమ్ పక్కన యూవెల్‌లో ఒక టెక్నికల్ కాలేజీలో గ్రాఫిక్స్ టెక్నీషియన్‌గా చేరాడు.

1975లో ఇటలీలోని లుక్కాలో ప్రపంచ కామిక్స్ పండగ జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బొమ్మల కథల్లో ఇంతటివాడు లేడని అక్కడి అంతర్జాతీయ జ్యూరీ హాంప్సన్‌ని నిలబెట్టి సత్కరించింది. ఆ సత్కారం అయ్యాక ఆయన తిరిగి వెళ్ళింది కాలేజీలో టెక్నీషియన్ ఉద్యోగానికే. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా.

1985 జులైలో ఎప్సమ్‌లో ఆయన పోయాడు.

మరి పత్రిక? 1961లో ఓడమ్స్‌ని మిర్రర్ గ్రూపు మింగింది. 1963లో అది ఐపీసీ అయ్యింది. అమ్మకాలు తగ్గిన పత్రికల్ని ఒకదాంట్లో ఒకటి కలిపేయడం వాళ్ళ పద్ధతి. స్విఫ్ట్ వచ్చి ఈగిల్‌లో కలిసింది, బాయ్స్ వరల్డ్ కలిసింది. డాన్ డేర్‌ని ఒక దశలో మొదటి పేజీ నుంచి లోపలికి, రంగుల్లోంచి నలుపు తెలుపులోకి నెట్టారు. కీత్ వాట్సన్ అనే చిత్రకారుడు పాపం హాంప్సన్ నాటి రూపాన్ని మళ్ళీ తేవడానికి చాలా కష్టపడ్డాడు. 1967 జనవరిలో కొత్త కథలు ఆగిపోయాయి, ఆ తర్వాత పాతవే తిరగేసి వేశారు. తమాషా ఏంటంటే, కథ ప్రకారం డాన్ డేర్ మాంచెస్టర్‌లో పుట్టింది 1967లోనే. అంటే హీరో పుట్టాల్సిన ఏడాదికే ఆయన్ని రిటైర్ చేశారు. 1969 ఏప్రిల్ 26న 991వ సంచికతో ఈగిల్ ముగిసింది. "లయన్" అనే ఇంకో పత్రికలో కలిసిపోయింది. గద్దని సింహం తినేసింది.

తర్వాత డాన్ డేర్‌ని చాలామంది లేపారు. 1977లో 2000 ఏడీ అనే పత్రిక మొదటి సంచికలోనే, పాత రూపం దాదాపు గుర్తుపట్టలేనంతగా మార్చి వేశారు. 1982లో ఐపీసీ మళ్ళీ ఈగిల్ పేరుతోనే పత్రిక పెట్టి, పాత డాన్ డేర్ వారసుణ్ణి హీరో చేసింది. అది 1994 దాకా నడిచింది. ఆ తర్వాత హక్కులు చేతులు మారి, డాన్ డేర్ కార్పొరేషన్ దాకా వచ్చి, నేను చర్చ్ స్ట్రీట్‌లో కొన్న పుస్తకం అయ్యాయి. అదీ ఆ కాపీరైట్ లైను వెనక కథ.

ఇక్కడ హల్టన్ వాళ్ళ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. వాళ్ళు డబ్బు పెట్టకపోతే ఆ నమూనా ఏ అటక మీదో చెదలు పట్టేది. నష్టపోతే పోయేది వాళ్ళ డబ్బే. సంతకం పెట్టమని హాంప్సన్ మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. అప్పట్లో బ్రిటన్‌లో అందరికీ అదే పద్ధతి. ఇవన్నీ నిజమే.

కానీ ఇంకో పద్ధతి సాధ్యం కాదా అంటే, సాధ్యమే. సాక్ష్యం ఇంగ్లిష్ ఛానల్ అవతలే ఉంది. 1950 ఏప్రిల్‌లో, ఈగిల్ మొదటి సంచిక రావడానికి వారం ముందు, బ్రస్సెల్స్‌లో ఎర్జే తన స్టూడియో పెట్టాడు. మన టింటిన్ ఎర్జే. ఆయనా టీమ్‌ని పెట్టుకున్నాడు, ఆయనా నమూనాలు చేయించాడు, ఆయనా ప్రతి వివరం సరిగ్గా ఉండాలని ప్రాణం తీసేవాడు. అదే నెల, అదే పనితీరు, అదే పట్టుదల. తేడా ఒక్కటే. టింటిన్ ఎర్జేది. పత్రికలు మారినా, పబ్లిషర్లకి ఏమైనా, టింటిన్‌ని ఆయన దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేరు. ఇంకో పదేళ్ళకి ఇద్దరి పరిస్థితి చూడండి. ఎర్జే టింటిన్‌ని టిబెట్ పంపిస్తున్నాడు, హాంప్సన్ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఇవాళ బెంగళూరులో ఏ పుస్తకాల షాపుకెళ్ళినా టింటిన్ వరస మొత్తం ఉంటుంది. డాన్ డేర్ కోసం నేను పాత పుస్తకాల కుప్పలో చెయ్యి పెట్టాల్సి వచ్చింది.

హక్కు అంటే డబ్బు ఒక్కటే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఈ కథ చదివాక అనిపించేది ఏంటంటే, ఆ వస్తువుని ప్రేమించేవాడి చేతిలోనే దాన్ని కాపాడే అధికారం కూడా ఉంచడం హక్కంటే. హాంప్సన్ చేతిలో అది ఉంటే నౌకల ఆకారం మార్చమని ఎవరూ చెప్పగలిగేవారు కాదు. ఖర్చు అనిపించిన ఆ స్టూడియోయే ఈగిల్‌ని ఈగిల్ చేసింది. దాన్ని తీసేశాక మిగిలింది పేరు. పేరుతో ఇంకో పదేళ్ళు లాగారు, అంతే.

నేనూ జాయినింగ్ రోజున దొంతర కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టినవాణ్ణే. లైసెన్స్ ఫైళ్ళు చదివే జబ్బు తర్వాత వచ్చింది, అదే విచిత్రం. ఈ టపా రాసేముందు ఆ కాగితాలు బయటికి తీసి చదివా. ఆఫీసు పనే కాదు, ఉద్యోగంలో ఉన్నంతకాలం నా బుర్రలోంచి ఆ పనికి సంబంధించి ఏం వచ్చినా కంపెనీదే అని ఉంది. నేను రాసేది బిల్లింగ్ మాడ్యూలు కాబట్టి దాన్నెవరు తీసుకున్నా నాకు బెంగలేదు. దాంట్లో నుంచి మెకాన్ పుట్టే అవకాశం లేదు. కానీ మీలో ఎవరికైనా రాత్రిళ్ళు కూర్చుని కట్టుకుంటున్న బేకరీ ఏదైనా ఉంటే, ముందు ఆ కాగితాలు తీసి చదవండి.

సౌత్‌పోర్ట్‌లో ఒక ఆర్కేడ్‌లో ఇప్పుడు కంచు విగ్రహం ఒకటి ఉందట. డాన్ డేర్‌ది. దాన్ని తలుచుకుంటే ఆ మగ్ బ్యాడ్జీ గుర్తొచ్చింది. ఇతరుల కోసం ఒళ్ళు దాచుకోకుండా పనిచేసి, చివరికి లోకం చేత అమాయకుడనిపించుకున్నవాడికి ఇవ్వాల్సిన బ్యాడ్జీ అది. ఎంతమంది పిల్లలకి పంపించారో గానీ, ఒకటి ఎప్సమ్‌కి పంపించడం మర్చిపోయినట్టున్నారు.